సున్నాకు దిగని గీతలు

లెక్కలవాళ్లకు ఒక దురలవాటు ఉంది. రుజువు రాయడానికి బద్ధకమేసిన చోట "స్పష్టం" అని రాసి ముందుకు పోతాం. తెలియదంటే ఎక్కడ చులకనైపోతామోనని చదివేవాళ్లూ తలూపుతారు. నా పీహెచ్‌డీ గ్రంథం నాలుగో అధ్యాయంలో నేనూ ఆ పనే చేశాను.

నేను పనిచేసింది సమాకలన ఆపరేటర్ల మీద. తెగకుండా సాగే ఒక గీతను ఇస్తే, దాని విలువలన్నీ కూడగట్టి ఇంకో గీతను తిరిగిచ్చే యంత్రాలనుకోండి. చివరంటూ లేని రేఖ మీద కూడా అవి అదుపులో ఉంటాయని నిరూపించాననుకున్నాను. రేఖలో ఏ ముక్క తీసుకున్నా ఆ యంత్రం వరసగా ఇచ్చే గీతలు సున్నాకు దిగిపోతున్నాయి కాబట్టి మొత్తం మీదా దిగుతాయన్నది స్పష్టమని రాశాను.

గ్రంథం ఇంకో వారంలో పంపాలనగా మా ఊరు యాడికిలో ఇంటికి పోయాను. నాయన విత్తనానికి శనక్కాయలు వలుస్తూ, "ఐదేండ్లు ఏం చేసినావో నాకూ చెప్పు" అన్నాడు. నేనూ పక్కన కూర్చుని వలుస్తూ వాన పోలికతో చెప్పాను. రేఖంటే వరసగా ఊర్లు, ఒక్కో గీతంటే ఒక్కో రోజు ఏ ఊర్లో ఎంత వాన. ప్రతి ఊర్లోనూ వాన నిలిచిపోతే మొత్తానికే నిలిచినట్టు.

"అదెట్లమ్మా? మన మీద ఉండే వాన మోడం పక్కూరికి పోతాది. ఆడ్నుంచి ఇంకో ఊరికి. అట్లా పోతానే ఉంటే ఏ ఊర్లో చూసినా వాన నిలిచినట్టే. అయినా యాడో ఒకచోట పడతానే ఉంటాది కదా."

నా ఆపరేటర్ పుట్టించేవి సరిగ్గా అలాంటి గీతలే.

అనంతపురం వచ్చి మా గైడుకు చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఇంతమంది చదివినాము, ఎవరికీ కనపడలేదు. నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా? పంపీమ్మా."

పంపాను. డిగ్రీ ఆగితే చేతికొచ్చిన లెక్చరర్ ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతకుమించి కారణమేమీ లేదు. డిగ్రీ వచ్చింది. నాయన కనపడినవాళ్లందరికీ చెప్పుకుంటుంటే ఆయన మీద మండిపడ్డాను. ఆయన చేసిన తప్పేమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

పోయిన నెల, ఎక్కడో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి మెయిల్ రాసింది. "మేడం, మీ నాలుగో అధ్యాయం మీదే నా పనంతా కట్టుకున్నాను. అందులో ఒక్క మెట్టు దగ్గర మూడు నెలలుగా ఆగిపోయాను. మీకు అంత తేలికైంది నాకు అర్థం కావడం లేదంటే ఈ చదువు నా వల్ల కాదేమో. మానేస్తున్నాను."

ఆ పూటే జవాబిచ్చాను. "మానకండి. ఆ మెట్టు తప్పు. పంపకముందే నాకు తెలుసు." చివరి మాట రెండుసార్లు చెరిపి, మూడోసారి ఉంచేశాను.

మర్నాడు ఆమె ఒక్క వాక్యం రాసింది. "తెలిసీ ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు మేడం?"