వాయిదా పడిన కృతజ్ఞతా కూటం

మా ఇంట్లో ఆవకాయకూ మెడికల్‌కూ ముడి. మావారు విమానం నడిపేవారు. ఆ ఉద్యోగంలో మెడికల్, అంటే డాక్టర్ల పరీక్ష, గట్టెక్కితేనే మళ్ళీ సీట్లో కూర్చోనిస్తారు. అరవై దాటాక అది ఆరు నెలలకోసారి వచ్చిపడేది. పరీక్ష దగ్గర పడుతోందంటే ఉప్పు బంద్, ఊరగాయ బంద్, ఎండుచేపల మాటే ఎత్తకూడదు. పాసైన రోజున మాత్రం, ఏ ఊళ్ళో ఉన్నా, నేను కట్టి పంపిన సీసా తీసి వేడన్నంలో ఆవకాయ కలుపుకుని నాకు ఫోన్ చేసేవారు. "అయిపోయిందిలే, తింటున్నాను" అనేవారు. ఆ మాట వింటే నాకు గుండె కుదుటపడేది. తీరా చూస్తే ఆయన ఇంకో ఆరు నెలలు ఇంటికి దూరంగా ఉంటారనే దానర్థం. అదేం సంతోషమో, ఇప్పుడు తలుచుకుంటే నాకే విసుగేస్తుంది.

ఆయనది గల్ఫు కంపెనీ. నాది కొత్తపేట దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో టీచరు ఉద్యోగం. మానేసి వచ్చెయ్యమని ఆయన మొదట్లో అడిగారు. మా ఇళ్ళల్లో సర్కారు ఉద్యోగం వచ్చిన మొదటి ఆడపిల్లను నేను, ఎలా మానేస్తాను? అలా చెరో చోటా ఉండిపోయాం. మా పక్క గల్ఫు అంటే అందరికీ తెలిసిన సంగతే, ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు అక్కడ కారో లారీయో నడుపుతుంటారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు మీవారు ఏం నడుపుతారండీ అని అడిగితే విమానం అని చెప్పేదాన్ని. టీచరు గారు భలే హాస్యమాడతారని నవ్వేవారు. నేనూ వాళ్ళతోపాటే నవ్వేసి ఊరుకునేదాన్ని, ఎన్నిసార్లని చెబుతాం?

నిరుడు అరవై అయిదు నిండాయి. అంతటితో ఇంక నడపకూడదు. ఇంటికొచ్చేశారు. వచ్చి నెలలైనా ఒళ్ళు ఇంకా ఏ దేశపు గడియారంలో ఉండేదో, పట్టపగలు మాట్లాడుతూ మాట్లాడుతూనే కుర్చీలో నిద్రపోయేవారు. కింద పడకుండా దిండు పెట్టి నా పని నేను చూసుకునేదాన్ని.

మా చర్చి సంఘంలో ఉద్యోగం ముగిస్తే ఇంటి ముందు టెంటు వేసి కృతజ్ఞతా కూటం పెట్టుకోవడం ఆనవాయితీ. పాస్టరు గారు వాక్యం చెబుతారు, విరమించినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెబుతారు, తరవాత కోడికూర భోజనం. మా తాతలు పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళకు విరమణ లేదు, చేతులు ఆగిపోయిన రోజే విరమణ. అందుకే ఒక మనిషి నిండా పనిచేసి, నడుం వంగకముందే ఇంటికి రావడమంటే మాకు చిన్న సంగతి కాదు. మావారి కూటం ఎప్పుడని సంఘంలో అందరూ అడిగారు. ఆయన వాయిదా వేస్తూ వచ్చారు.

కారణం ఒక వార్త. పైలట్ల విరమణ వయసు అరవై ఏడుకు పెంచాలని ప్రపంచమంతా చర్చ నడుస్తోందట. పెంచితే మళ్ళీ పిలుస్తారని ఆయన ఆశ. పొద్దున్నే టీవీ, తరవాత ఫోన్లో పాత కెప్టెన్ల గ్రూపులు, సాయంత్రం కాలవ గట్టు మీద నడక. ఉప్పు తగ్గించిన పప్పే తినేవారు. రానే రాని పరీక్షకు ఆయన ఒళ్ళు సిద్ధం చేసుకుంటుంటే, కొత్త ఆవకాయ జాడీ మూతకు కట్టిన గుడ్డ విప్పకుండా నేను పక్కన పెట్టాను. ఆయన ముందు నేనొక్కదాన్నే కలుపుకు తినడానికి మనసొప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఇదే చర్చ. మా సంఘ పెద్ద ఒకాయన రిటైరైన హెడ్‌మాస్టరు. నిర్ణయం తన చేతిలోనే ఉన్నట్టు మాట్లాడేవారు. ఆకాశంలో ఎదురుగా లారీలు రావు కదండీ, ఇంకో రెండేళ్ళు నడిపితే తప్పేంటండీ అని ఆయన వాదన. గుండె ఆగితే పక్కకు తీసి ఆపుకోవడానికి అక్కడ రోడ్డుందా అండీ అని ఇంకొకాయన. అరవై దాటిన కెప్టెన్ పక్కన అరవై లోపువాళ్ళనే కూర్చోబెట్టాలన్న నియమం వాళ్ళ కంపెనీలో ముందు నుంచీ ఉందని మావారు ఓపిగ్గా వివరించేవారు. అంటే మీకు అప్పట్నించే కాపలా పెట్టేరన్నమాట అని నేను ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు.

ఈ పెంచడం అనేదాన్ని నేను దగ్గర నుంచి చూశాను. నా విరమణ అరవైకి. జనవరి నెలాఖరున దిగిపోవాలి. మావారికి సెలవు దొరికేది క్రిస్మస్‌కే కాబట్టి నెల ముందే నా కూటం పెట్టేసుకున్నాం. ఇలాంటి తొందర మా ఇంట్లోనే సాధ్యం. శాలువాలు కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, నేను ఏడుస్తూ సాక్ష్యం చెప్పాను, పాత విద్యార్థులు సెంటర్‌లో నా ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మావారు విమానమెక్కి వెళ్ళిపోయారు. ఆ తరవాత కొద్దిరోజులకే ప్రభుత్వం వయసు అరవై రెండుకు పెంచేసింది. పదవీ విరమణ శుభాకాంక్షలు అన్న నా ఫ్లెక్సీ కిందనుంచే రోజూ బడికి వెళ్ళాను. ఎండకు నా మొహం వెలిసిపోయేదాకా దాన్ని ఎవరూ విప్పలేదు.

ఆ రెండేళ్ళూ ఈడ్చుకుంటూ గడిచాయి. మోకాళ్ళు మెట్లెక్కనిచ్చేవి కావు. హాజరు ఫోన్లో, పిల్లల భోజనం ఫోటో ఫోన్లో, అది పట్టుకుని సిగ్నల్ కోసం గేటు దాకా నడక. మా వీధిలో ఒకమ్మాయి బీఎడ్ చేసి టీచరు పోస్టులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూసేది. దారిలో కనబడితే ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టేది. ఒక్క మాట కూడా అనేది కాదు. ఆ నమస్కారం నాకు గుచ్చుకునేది.

ఇదంతా గుర్తు చేసి, ఇంక చాలండీ, మీ కింద కుర్రాళ్ళు కూడా కెప్టెన్ సీటు కోసం చూస్తుంటారు కదా, కూటం పెట్టేసుకుందాం అన్నాను ఒకరోజు. నీలాగ ముందే పెట్టుకుని నవ్వులపాలవ్వమంటావా అని ఆయన కసిరారు. వెంటనే గొంతు తగ్గించి అన్నారు.

"నీకు రెండేళ్ళు పెంచితే నువ్వు వద్దనలేదు కదా. నాకు మాత్రం చాలంటావేం?"

ఆయనన్నది నిజమే. వద్దనుకుంటే నేను ముందే దిగిపోవచ్చు. దిగలేదు. ఎందుకో నాకు తెలుసు, కానీ ఆ కోపంలో చెబితే దెప్పినట్టవుతుందని మింగేశాను. ఆయనకు ఈ ఇంట్లో ఊపిరాడటం లేదని, నా పక్కన కూర్చోవడం కూడా ఆయనకు డ్యూటీకి ముందు వేచి ఉండటంలాగే ఉందని ఆ రోజు అర్థమైంది. చాలా బాధేసింది. నేను ఎదురుచూసింది ఈ మనిషి కోసమే కదా అనిపించింది.

వర్షాలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం వార్త వచ్చింది. అరవై ఏడు లేదు, అరవై అయిదే, ఇప్పట్లో మార్చరట. గ్రూపులో ఎవరో పెట్టినదాన్ని ఆయన రెండుసార్లు చదివి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, టీవీ కట్టేశారు. నేను గెలిచినట్టే. సంతోషం కలగాలి. కలగలేదు. ఆయన వాలిన భుజాలు చూస్తే నాకే నీరసం వచ్చింది.

అన్నానికి కూర్చున్నారు. చప్పటి పప్పు వడ్డించబోతే చేయి అడ్డం పెట్టారు.

"ఆవకాయ తే. పాస్టరు గారికి వచ్చే శనివారం ఖాళీ ఉందేమో కనుక్కో."

జాడీ మూతకు కట్టిన గుడ్డ విప్పాను. ముక్కా, పిండీ, నూనే వేశాను. ఆయన కలిపారు గానీ ముద్ద ఎత్తలేదు. ఎర్రటి అన్నం వంక చూస్తూ కూర్చున్నారు. అప్పుడు చెప్పాను.

"ఆ రెండేళ్ళూ బడికెళ్ళనని నేను అనలేదన్నారు కదండీ. ఇంట్లో మీరు లేరండీ. ఖాళీ ఇంట్లో ఏం చెయ్యాలో తెలీక వెళ్ళేను."

ఆయన తలెత్తలేదు. "ఆయ్" అన్నారు, ఔనన్నట్టు చిన్నగా. తరవాత ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకున్నారు. కారానికో దేనికో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా వైపు చూశారు.

"అయిపోయిందిలే," అన్నారు. "తింటున్నాను."

ఇన్నేళ్ళూ ఫోన్లో విన్న మాట. ఎదురుగా కూర్చుని చెప్పడం అదే మొదటిసారి. నేను ఆయనకు ఇంకో గరిటె అన్నం వేసి, నా కంచం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.