ఉప్పుటేట్లో గుడ్డ కట్టిన కర్రలు

అరవైల మొదట్లో నేను కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టేవాళ్ల పాలెంలో బడిపంతులుగా ఉన్నాను. అక్కడికి పాత వస్తువుల మీద పరిశోధన చేసే ఆఫీసరొకాయన వచ్చారు. పాటు సమయంలో ఉప్పుటేరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురదలో ఏనాటివో కుండపెంకులు ఉన్నాయట. వాటిని ఊరివాళ్లే వెతికి తీయాలని ఆయన పట్టుదల. అందుకు రెండు ఆదివారాలు అనుకున్నాం. బుచ్చిరెడ్డిపాలెం వైపు వరిచేల మధ్య పుట్టిన నాకు ఏటి సంగతుల్లో ఓనమాలు కూడా రావు. అయినా చదువుకున్నవాణ్ణని పెత్తనమంతా నేనే చేశాను.

మొదటి ఆదివారం ఊరు ఊరంతా దిగింది. పెంకు అంచు తడిమి అది నీళ్లకుండదో కూరచట్టిదో ఆడవాళ్లు చెబుతుంటే ఆఫీసరు రాసుకున్నారు. పెంకు దొరికిన చోటల్లా గుర్తుగా కర్ర పాతి, కొసన ఎర్రగుడ్డ కట్టమన్నారు. ఆయన బూట్లు బురదలో దిగబడిపోతుండడంతో ఆ పని నేను చేశాను. ఇరవైకి పైగా పాతాను. చాలా గొప్ప పని చేస్తున్నాననుకున్నాను.

రెండో ఆదివారం ఒక్కరూ దిగలేదు. అందరూ గట్టుమీద కూర్చుని చూశారు. ఆఫీసరు చిన్నబుచ్చుకున్నారు. వీళ్లకు మోజు తీరిపోయిందని నేనే సర్దిచెప్పాను. మళ్లీ వస్తానని, అందాకా కర్రలు కదపవద్దని చెప్పి వెళ్లారాయన. కొన్ని నెలలకు బదిలీ అయిందని కార్డు రాశారు. అంతటితో నేనూ ఆ సంగతి వదిలేశాను.

ఆ బురదలో గుల్ల ఏరి సున్నపుబట్టీకి అమ్ముకునే ముసలామె ఒకామె ఉండేది. ఆ ఏడంతా ఆమె పొద్దున్నే గంప పట్టుకుని ఉత్తరంగా ఎక్కడికో నడిచిపోయి, ఎండ ముదిరాక తిరిగొచ్చేది. మనిషి చిక్కి సగమైంది. ఒకరోజు బడి అరుగుమీద కూలబడింది. మంచినీళ్లిచ్చి, ఏరు ఇంటిముందే పెట్టుకుని అంతదూరం ఎందుకు పోతావని మందలించాను.

అప్పుడు చెప్పింది. ఏట్లో గుడ్డ కట్టిన కర్ర పాతితే ఆ చోటు పాతినవాడిదట. వల కట్టేవాళ్లందరూ అలాగే చేస్తారట. ఇక అక్కడ ఇంకొకరు కాలు పెట్టరు. నా కర్రలు సరిగ్గా ఆమె గుల్ల తీసుకునే మేరంతా పరుచుకున్నాయి.

ఆ ఆఫీసరు ఇక రాడు, పీకి పారెయ్యకపోయావా అన్నాను.

"పాతిన చెయ్యే పీకాలయ్యోరా. పాతింది మీరు గదా."

మరి నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదన్నాను.

"చోటు వదులుకోమని ఒకరిని ఎట్ట అడిగేది? మీకు దాంతో ఏం పనుండాదో అనుకున్నా."

సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను. ఆ మధ్యాహ్నమే పాటు చూసుకుని దిగాను. బురద పట్టేసి కర్రలు ఓ పట్టాన రాలేదు. ఒక్కొక్కటీ ఊపి ఊపి లాగాల్సి వచ్చింది. ఆమె గంపతో గట్టుమీద నిలబడింది. వచ్చి ఏరుకోమని రెండుసార్లు పిలిచాను. ఆఖరి కర్ర పైకి వచ్చేదాకా బురదలో కాలు పెట్టలేదు.