డ్రిల్లు సారు అలుపు

2007 ఫిబ్రవరి. హిందూపురంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి ఏడేళ్లు. గురువారం మాత్రం పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి ధర్మవరం వెళ్లి, అక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవాళ్ల నడుములు, మోకాళ్లు. హిందూపురంలో మెడ నొప్పులు, విరిగి అతికిన చేతులు. అంతకుముందు ఏడాది చికున్‌గున్యా వచ్చి ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసింది. ఆ తర్వాత నెలల తరబడి కీళ్ల నొప్పులవాళ్లతో నా క్లినిక్ బెంచీలు నిండిపోయి ఉండేవి. నాకు మొదటి నుంచీ ఓపిక తక్కువ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో సగం నా చిరాకే.

రామాంజనేయులు సారు పెనుకొండలో ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టరు. నలభై ఒక్క ఏళ్లు. కాలేజీ రోజుల్లో పదిహేను వందల మీటర్ల పరుగులో జిల్లా దాకా పోయిన మనిషి. భార్య లక్ష్మీదేవితో కలిసి నా క్లినిక్‌కు వచ్చాడు. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, దాని నిండా రిపోర్టులు. రక్తం, థైరాయిడ్, షుగరు, గుండె, చివరికి బెంగుళూరులో తీయించిన తల స్కానింగు కూడా. అన్నీ నార్మల్. చికున్‌గున్యా జ్వరం వచ్చి ఆరు నెలలైంది. కీళ్ల నొప్పులు పోయాయి.

"మరి ఇప్పుడేంటి సార్ బాధ?" అన్నాను.

"నొప్పి కాదు మేడమ్. అలుపు. బక్కెట్టు నీళ్లు ఎత్తి పెడితే మర్సటి దినం లేసేకి కాదు. రాత్రంతా పండుకుంటా, లేస్తే పండుకోనట్లే ఉంటాది."

బల్ల మీద పడుకోబెట్టి చూశాను. కండరాల బలానికి మేము సున్నా నుంచి ఐదు దాకా అంకె వేస్తాం, దాన్ని మజిల్ పవర్ అంటాం. కదలనే కదలకపోతే సున్నా, నేను గట్టిగా అదిమినా ఆగకుండా ఎత్తితే ఐదు. ఆయనకు చేతులు, కాళ్లు అన్నీ ఐదే. నా చేతిని ఆయన కాలు తోసిన తోపుకు నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకేం కావాలి? ఎక్కువ రోజులు మంచంలో ఉన్న ఒళ్లు పని మరిచిపోతుంది, దానికి డీకండిషనింగ్ అని పేరు. మందు ఒకటే, కొంచెం కొంచెంగా పెంచుతూ వ్యాయామం చేయించడం.

ఆ మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. వ్యాయామం ఆయనకు తెలిసిన భాష. రెండు రోజులు ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిచాడు. మూడో రోజు రాలేదు. పది రోజుల తర్వాత లక్ష్మీదేవి చెయ్యి పట్టుకుని వచ్చాడు. మళ్లీ రెండు రోజులు బాగా చేశాడు, మళ్లీ కనబడలేదు. నాలుగు సార్లు ఇదే తంతు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇట్లా మధ్యలో మానేస్తే ఎలా సార్? స్కూల్లో పిల్లలకు మీరు చెప్పేది ఇదేనా?" అన్నాను, బెంచీ మీద అందరూ వింటుండగా.

ఆయన వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు, చాలాసేపు కట్టుకున్నాడు. ఆ రోజు ఆయన కార్డు మీద "పేషెంటు సహకరించడం లేదు" అని రాశాను.

వేసవి సెలవుల తర్వాత స్కూలు తెరిచేసరికి ఆయనకు జీతంతో పెట్టుకునే సెలవులు మిగల్లేదు. ఉద్యోగంలో చేరాలంటే డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలి. డాక్టరు గారు నా అభిప్రాయం అడిగి పంపారు. నేను రెండు లైన్లు రాశాను. బలం నార్మల్‌గా ఉంది, పని చేయవచ్చు, వ్యాయామం మేలు చేస్తుంది. డాక్టరు దాని మీద సంతకం పెట్టారు.

తర్వాత ఏం జరిగిందో ఇరవై రోజులకు లక్ష్మీదేవి ఒక్కతే క్లినిక్‌కు వచ్చి చెప్పింది. చేరిన మూడో రోజు, పిల్లలు వరసలో నిలబడి ఉంటే ఆయనకు మనసు ఆగలేదు. వాళ్లతో కలిసి గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తాడు. పడలేదు, ఆయాసపడలేదు, నవ్వుతూ ఇంటికి వచ్చాడు. మర్నాడు సాయంత్రం నుంచి మంచం. బాత్‌రూమ్‌కు గోడ పట్టుకుని వెళ్తున్నాడు. రొట్టె నమలడానికి దవడలు అలిసిపోతున్నాయని చారన్నం మెత్తగా పిసికి పెడుతోంది.

"మీరు రాసిచ్చిన కాయితం చూసి శానా సంతోషంగా పోయినాడు మేడమ్," అంది లక్ష్మీదేవి. "నేనేం కొట్లాటకు రాలేదు. మంచంలోనే చేసుకునే కసరత్తు ఏమన్నా ఉంటే చెప్తారని వచ్చినా."

నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సొరుగులోంచి అచ్చు వేసిన కాగితం ఒకటి తీసి, కాళ్లు ఎత్తి దించే వ్యాయామాలకు టిక్కు పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె దండం పెట్టి వెళ్లింది.

నవంబరులో ఒక గురువారం ధర్మవరం నర్సింగ్ హోమ్ వరండాలో ఆయన కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో కనుబొమ్మ మీద తడుతున్నాడు. తర్వాత కన్ను పక్కన, కన్ను కింద, ముక్కు కింద, గడ్డం మీద, కంఠం కింది ఎముక మీద. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. పక్కన లక్ష్మీదేవి. ఆమె పుట్టిల్లు ధర్మవరం, పెనుకొండలో ఒక్కతే చూసుకోలేక ఆయన్ను ఇక్కడికి తెచ్చుకుంది. పుట్టింటి వీధిలో సుగుణమ్మ అని రిటైరైన టీచరమ్మ బెంగుళూరులో క్లాసులకు పోయి ఈ ట్యాపింగ్ నేర్చుకుందట. బాధను పైకి చెప్పుకుంటూ ముఖం మీద, ఛాతీ మీద కొన్ని చోట్ల వేళ్లతో తట్టుకోవాలి, అదే వైద్యం.

నాలుగున్నరేళ్లు చదివాను నేను. ఎముక ఎముకా, నరం నరం కంఠస్థం చేశాను. ఆ చదువంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"కనుబొమ్మ మీద కొట్టుకుంటే కాళ్లకు బలమొస్తుందా సార్?"

ఆయన కళ్లు తెరిచాడు. "రాదు మేడమ్."

వాదించడానికి సిద్ధమై ఉన్నదాన్ని, ఆయన పక్కనే కూర్చున్నాను. "మరెందుకు?" అన్నాను.

"మంచంలో పండుకోనుంటే గుండె దడదడా కొట్టుకుంటాండె. ఎవురో తలకాడ నిలబడి 'లెయ్ రా, ఏషాలెయ్యొద్దు' అంటాన్నట్లే ఉంటాండె. ఇట్ల చేస్తే ఆ దడ తగ్గుతాది. దడ తగ్గితే ఒళ్లు నిమ్మళంగా పండుకుంటాది. అంతే."

"తట్టుకుంటూ ఏమని అంటారు?"

ఆయన భార్య వైపు చూశాడు. "టీచరమ్మ చెప్పింది నా నోటికి రాలే. 'అలసట ఉన్నప్పటికీ నన్ను నేను సంపూర్ణంగా స్వీకరిస్తున్నాను' అనల్లంట. రేడియోలో మాదిరి ఉండాది. నేను వేరేది చెప్పుకుంటా."

"ఏమని సార్?"

"'అలుపుండాది. నేను దొంగేషాలు ఎయ్యల్యా.'"

ఎవరినీ నిష్ఠూరంగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. ఆ దడలో తలకాడ నిలబడిన వాళ్లలో నేనూ ఉన్నానని అడగనక్కర్లేకుండా తెలిసింది. ఆయన కార్డు మీద నేను రాసిన మాటను మర్యాదగా రాశానే తప్ప, దాని అర్థం "ఏషాలు" అనే.

అంతటితో నా బుద్ధి మారిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ, అప్పుడే లక్ష్మీదేవి ఇంకో మాట చెప్పింది. సుగుణమ్మ వచ్చే ఆదివారం ఆయన్ను రైల్వే స్టేషన్ దాకా నడిచి రమ్మందట. మూడు వారాలు తట్టుకున్నాడు కాబట్టి అలుపు పోయే ఉంటుందట, నమ్మకంతో నడిస్తే చాలట. నాకు మళ్లీ మండింది. మధ్యాహ్నం పేషెంట్లు అయిపోగానే సుగుణమ్మ ఇంటికి వెళ్లాను.

ఆమె నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను తాగకుండానే మొదలుపెట్టాను.

"అమ్మా, ఆయన్ను నడిపించొద్దు. మళ్లీ మంచాన పడతాడు."

"నువ్వు నమ్మవు కదా తల్లీ. నమ్మనోళ్లు దగ్గరుంటే ఇది పని చెయ్యదు," అంది నిదానంగా.

"ఆయన అలుపుకూ నా నమ్మకానికీ ఏం సంబంధమమ్మా?"

"సరే. మొన్న కాయితం రాసిచ్చి పరుగెత్తించింది ఎవురు? నేనా?"

మజ్జిగ గ్లాసు తీసుకున్నాను. నా వ్యాయామం గొప్పదని తేల్చడానికి నేనూ, తన తట్టుడు గొప్పదని తేల్చడానికి ఆమె, ఇద్దరం ఆ మనిషినే పరుగెత్తిస్తున్నాం. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమెకు నచ్చలేదు. అయినా, "అయితే ఏం చేద్దామంటావు?" అంది.

ఒక నోటుపుస్తకం పెట్టించాం. ఏ పని ఎంతసేపు చేశాడు, ఆ రోజు ఎలా ఉంది, మర్నాడు ఎలా ఉంది, దాని మర్నాడు ఎలా ఉంది. తట్టుకోవడం మానొద్దు. కానీ ఏ పనికైనా ముందూ మధ్యలోనూ తట్టుకుని, "ఇంక చాలా?" అని తనను తాను అడగాలి. చాలనిపిస్తే, స్నానం సగంలో ఉన్నా సరే, ఆగి కూర్చోవాలి. శక్తి అయిపోక ముందే ఆగి, పనిని ముక్కలు చేసుకోవడాన్ని మా వృత్తిలో పేసింగ్ అంటారు. దాని గురించి నేను చదివింది చాలా తక్కువ. అలా ఆగడం ఆ పరుగుమనిషికి ఎంత కష్టమో! ఆగినప్పుడల్లా మళ్లీ దడ. దడ పుట్టినప్పుడల్లా కంఠం కింద ఆ రెండు వేళ్లు, ఆ ఒక్క వాక్యం.

నెల తర్వాత గురువారం ఆ పుస్తకం తెచ్చాడు. డ్రిల్లు మాస్టరు దస్తూరి, గీతలు కొట్టి గళ్లు. రైల్లో కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. పెనుకొండ స్టేషన్ దాటేసరికి విషయం అర్థమైంది. పని చేసిన రోజు ఎప్పుడూ బాగానే ఉన్నాడు. కూలిపోయేది మర్నాడు, ఒక్కోసారి రెండో నాడు. నా బల్ల మీద ఐదుకు ఐదు వచ్చిన మనిషి అబద్ధం కాదు, పది రోజులు కనబడకుండా పోయిన మనిషీ అబద్ధం కాదు. నేను చూసింది ఒక్క రోజునే. ఆయన మొదటి రోజే "మర్సటి దినం" అని చెప్పాడు. ఆ మాట విని కూడా నేను వినలేదు. రైలు హిందూపురం చేరేదాకా నా మీద నాకే చిరాకు.

ఇక మిగిలిన కథ నిదానంగా నడిచింది. పుస్తకంలో "బాగలేదు" అన్న రోజులు తగ్గుతూ వచ్చాయి. అలుపు తగ్గడం వల్ల కాదు, అలుపును రెచ్చగొట్టడం తగ్గడం వల్ల. జీతం లేని సెలవు మీద ఒక విద్యా సంవత్సరం గడిచిపోయింది. తర్వాతి జూన్‌లో ఆయన స్కూల్లో చేరాడు. ఈసారి నేను రాసిన కాగితం ఒక పేజీ పొడుగు. ఏం చేయగలడు, ఏం చేయకూడదు, ఎంతసేపటికొకసారి పడుకోవాలి, అన్నీ. హెడ్మాస్టరు గారు అది చదివి లైబ్రరీ అప్పగించి, అక్కడ ఒక మడత మంచం వేయించారు. ఆటల పోటీలప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని స్టాప్‌వాచ్ పట్టుకునేవాడు. మళ్లీ ఎన్నడూ పరుగెత్తలేదు. ఒకసారి చూడ్డానికి వెళితే అన్నాడు: "పిల్లోళ్లు ఉరుకుతాంటే కాళ్లు గుంజుతాయి మేడమ్. అప్పుడు ఎక్కువ తట్టుకోవాల్సొస్తాది."

సుగుణమ్మకు ఆయన పూర్తిగా బాగుపడలేదని అసంతృప్తి. ఆమెతో ఇప్పటికీ నాకు పడదు, ఎదురైతే మజ్జిగ మాత్రం ఇస్తుంది. నా బాధ వేరు. డ్రిల్లు సారు లేచి తిరుగుతున్నాడన్న కబురు హిందూపురం దాకా వచ్చేసింది. నడుము డిస్కు జారినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు నా బెంచీ మీద కూర్చుని, "మేడమ్, ఆ ముఖం మీద కొట్టే వైద్యం మీకు తెలుసంట గదా, మాకూ కొట్టండి" అనేవాళ్లు. "డిస్కుకు అది పనికిరాదప్పా" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "మీకు కొట్టేకి ఇష్టం లేదులే" అని ఒకాయన అలిగి వెళ్లిపోయాడు కూడా.

అది జబ్బును నయం చేస్తుందని నేను అనను, అప్పుడూ అనలేదు. కానీ అన్నీ నార్మల్ అనే రిపోర్టుల మధ్య, తనను ఎవరూ నమ్మని క్లినిక్‌లో, ఆ మనిషి తన మాట తాను నమ్మడానికి అది చోటిచ్చింది. ఆ నమ్మకం మొదటి రోజే నేను ఇచ్చి ఉంటే గ్రౌండులో ఆ రెండు రౌండ్లు ఉండేవి కావు.

2009లో గోరంట్ల నుంచి ఒక టైలరమ్మను భర్త తీసుకొచ్చాడు. జ్వరం తగ్గి ఏడాదైందట. "ఈమెకేం లేదు మేడమ్, డాక్టర్లందరూ అదే చెప్తాండారు. ఊరికే పండుకుంటాది. మీరన్నా గట్టిగా చెప్పండి," అంటూ రిపోర్టుల కవరు బల్ల మీద పెట్టాడు. ఆమె నేల చూస్తూ కూర్చుంది. నేను కవరు విప్పకుండా పక్కకు జరిపి ఆమెను అడిగాను.

"ఏం పని చేస్తే మర్సటి దినం లేవలేకుండా ఉంటావమ్మా?"

ఆమె తలెత్తి ముందు నన్ను చూసింది, తర్వాత భర్తను చూసింది. "చెప్పేదా?" అంది.

"చెప్పు," అన్నాను. కొత్త నోటుపుస్తకం తీసి ఆమె ముందు పెట్టి, ఆయన్ను కూడా కూర్చోమన్నాను.