తుడిస్తే పోని పూత

మహబూబాబాద్‌లో తొర్రూరు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. అందులో మాన్‌సింగ్ లారీలకు రంగులు వేస్తాడు. నెల్లికుదురు దగ్గర తండా అతనిది. పెళ్లయిన ఏడాది వరంగల్ పోయి, ఒక షెడ్డులో తడిపిన గరుకు కాగితంతో పాత రంగులు రుద్దుతూ ఈ పనిలోకి వచ్చాడు. ఇప్పుడు నలభై రెండేళ్లు. కుడి బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి. రోజంతా తెలుగే మాట్లాడతాడు కానీ, డబ్బాలో రంగు మందు కొలిచేటప్పుడు లెక్క మాత్రం తండా మాటలో నడుస్తుంది. పని కాగానే, చేతులు కూడా తుడుచుకోకుండా స్ప్రే గన్ కడుగుతాడు. ఇరవై ఏళ్లలో ఆ వరుస తప్పలేదు.

2011 సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బొగ్గు బావులు ఆగాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు.

కొడకండ్ల గట్టయ్య లారీ షెడ్డులో ఉంది. క్యాబిన్‌కు నీలం రంగు పడింది. ముందు నంబరు పలక మీద ఏపీ తీసేసి టీజీ అని రాశారు. రంగు మీద క్లియర్ పూత ఒక్కటే మిగిలింది. తెల్లారితే లారీ భూపాలపల్లి పోవాలి. సమ్మెలో ఉన్న బావి కార్మికుల ఇళ్లకని కొడకండ్లలో బియ్యం పోగుచేశారు.

షెడ్డులో రెండు రకాల క్లియర్ డబ్బాలు ఉన్నాయి. ఒకటి ఎన్‌సీ. అరగంటలో ఆరుతుంది, థిన్నర్ గుడ్డతో తుడిస్తే రంగుతో సహా ఊడివస్తుంది. రెండోది పీయూ. హార్డనర్ కలపాలి. కలిపాక గంటలోపు కొట్టాలి. గట్టిపడితే థిన్నర్‌కు లొంగదు.

"ఎన్‌సీ కొట్టు" అన్నాడు గట్టయ్య.

"ఈ ముసురుల ఎన్‌సీ కొడితే పొద్దుగాలకు బండి బూడిద పూసుకున్నట్టు తెల్లగైతది. నా పేరు ఖరాబైతది గట్టన్నా."

"నీ పేరుకేంది. పోలీసోల్లు ఆపితే టీజీ తుడుస్తం, పోతం. తుడువరాకపోతే బండి ఆడనే ఉంటది. బియ్యం ఆడనే ఉంటయి."

డ్రైవర్ రాజేందర్ టైరు మీద కూర్చుని ఉన్నాడు. పోయిన నెల ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసులు అతని చేతికే పెట్రోలు గుడ్డ ఇచ్చి టీజీ అక్షరాలు తుడిపించారు. రోడ్డు మీద జనం చూస్తున్నారు. తుడిచాడు. అప్పటి నుంచి ఆ మాట ఎవరెత్తినా లేచి వెళ్లిపోతాడు. ఈసారి లేవలేదు.

చివరికి ఒక మాటకు వచ్చారు. బండి అంతా పీయూ. నంబరు పలక మీద మాత్రం ఎన్‌సీ.

"ఇగ పంచాయితీ తెగింది" అన్నాడు గట్టయ్య.

మధ్యాహ్నం మూడింటికి కరెంటు వచ్చింది. మాన్‌సింగ్ నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచాడు. పీయూ పడకుండా పలకకు కాగితం అంటించాడు. హార్డనర్ కొలిచి కలిపాడు. ఎడమ తలుపు అయింది. కుడి తలుపు సగంలో కంప్రెషర్ ఆగింది.

ముగ్గురూ పైనున్న బల్బు వైపు చూశారు.

పది నిమిషాలు. ఇరవై. మాన్‌సింగ్ పుల్లతో డబ్బా కలిపి చూశాడు. ఇంకా జారుతోంది, కానీ ఇందాకటి జారుడు కాదు. తలుపు మీద తడి అంచు ఆరితే అక్కడ గీత పడుతుంది. మొత్తం మళ్లీ రుద్దాలి. తెల్లారేసరికి బండి పోదు.

"ఇంకో డబ్బా లేదా?" అన్నాడు గట్టయ్య.

"దుకాండ్లు బందున్నయి. సమ్మె నీకు తెల్వదా."

రాజేందర్ లేచాడు. "అన్నా, బండిల గాలి ఉంటది గదా. బ్రేకుల గాలి."

మాన్‌సింగ్ అతని వైపు చూశాడు. బ్రేకు ట్యాంకు గాలితో టైర్లు నింపడం తెలుసు. రంగు ఎవరూ కొట్టరు. ఆ గాలిలో ఇంజన్ నూనె ఉంటుంది. ఒక్క తుంపర పడినా పూత మీద గుంట పడుతుంది.

వేరే దారి లేదు. ట్యాంకు కింద కుళాయి తిప్పి నీళ్లు వదిలారు. జిడ్డుగా కారాయి. గాలిలోని నీళ్లు పట్టే గిన్నెను షెడ్డు కంప్రెషర్ నుంచి ఊడదీసి, ట్యాంకుకూ గన్‌కూ మధ్య బిగించారు. రాజేందర్ ఇంజన్ వేశాడు. మాన్‌సింగ్ మొదట అట్టముక్క మీద కొట్టి చూశాడు. తర్వాత తలుపు మీద.

గన్ నిలకడగా ఉంది. బండే వణుకుతోంది.

తలుపు అయింది. పైభాగం, ముందు భాగం అయ్యాయి. మాన్‌సింగ్ గన్ కప్పు ఎత్తి చూశాడు. అడుగున కొంచెం ఉంది, తీగ సాగుతోంది.

"ఎంతుంది?" అన్నాడు రాజేందర్, కిటికీలోంచి.

"ఒక్క చెయ్యి కొట్టుడుకొస్తది."

రాజేందర్ ఇంజన్ ఆపకుండా దిగాడు. పలక మీది కాగితం పీకేశాడు.

"దీని మీద కొట్టు అన్నా."

"రాజేందర్" అన్నాడు గట్టయ్య. "బండి నాది."

"బండి నీదే అన్నా. గుడ్డ పట్టుకున్న చెయ్యి నాది. తుడిస్తే పోతదంటే మళ్ల నాతోనే తుడిపిస్తరు. పోదంటే ఏం జేస్తరు, కూసోబెడ్తరు. కూసుంట."

"రాత్రంత కూసోబెడితే?"

"బియ్యం ఉన్నయి గదా. వండుకుంట."

గట్టయ్యకు నవ్వు రాలేదు. అక్షరాల వైపు చూశాడు. కప్పులో మందు ఎక్కువసేపు ఆగదు. మాన్‌సింగ్ గన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. మాట గట్టయ్య నుంచి రావాలి.

"కొట్టు" అన్నాడు గట్టయ్య. చెప్పి, బయటికి నడిచాడు.

ఎడమ నుంచి కుడికి ఒక్క చెయ్యి. అంతే వచ్చింది.

ఇంజన్ ఆపారు. మాన్‌సింగ్ పలక ముందు గొంతుకూర్చుని గుంటల కోసం చూశాడు. టీ అక్షరం కింద రెండు పడ్డాయి, ఆవగింజంత. ఇంకా పడతాయేమోనని చూశాడు. పడలేదు. ఎంతసేపు చూశాడో తెలియదు. లేచేసరికి గన్ బల్ల మీద ఉంది. ట్రిగ్గర్ నొక్కాడు. కదల్లేదు. లోపల పూత గట్టిపడింది.

మరునాడు మధ్యాహ్నం షెడ్డు బయట సన్నని సూదితో గన్ మూతి పొడుస్తూ కూర్చున్నాడు. పొద్దుటి నుంచి అదే పని. పెద్ద మార్పు లేదు. ఫోను మోగింది. రాజేందర్.

"ఆపిండ్రా?"

"ఆపిండ్రు. నేను ముట్టనన్న. ఒక జవానే తుడిచిండు. థిన్నర్ తెప్పించి తుడిచిండు. బ్లేడుతోని గీకిండు."

"పోయిందా?"

"పోలే. నాలుగు గంటలు కూసోబెట్టిండ్రు. కాయిదం రాసుకొని, బియ్యం బండేనా అని అడిగి పొమ్మన్నరు. ఇప్పుడే దించుతున్నం. పలక మీద గీతలు పడ్డయి అన్నా. జర పాలిష్ చేస్తవా?"

"తే" అన్నాడు మాన్‌సింగ్.

ఫోను పక్కన పెట్టి సూది మళ్లీ అందుకున్నాడు.