ఎవరిని? దేనిని? చూస్తున్నాను

మా పోలిష్ భాషకు ఏడు విభక్తులు. నాలుగోదాన్ని పిల్లల తలకెక్కించడానికి ఏ బడిలోనైనా ఒకటే పాఠం: "ఎవరిని? దేనిని? చూస్తున్నాను." లియోకాదియా టీచర్ ఒక్కొక్కరినీ లేపి, కళ్ళెదుట ఉన్నదాన్నే చెప్పమనేది. పుస్తకంలోని ఆవునీ గుర్రాన్నీ అప్పజెబితే ఊరుకునేది కాదు.

ముప్పై ఏళ్ళుగా సెయ్‌నీ ఊళ్ళో ఆమెది అదే పని. పెళ్ళి చేసుకోలేదు. ఆమెకు ఉన్నదల్లా మేమే. మా నాలుగో తరగతిలో, ఈస్టర్ వెళ్ళాక ఒకరోజు, బోర్డు మీద రాసిన వాక్యం మీదే మరో వాక్యం రాసింది. వెనక బెంచీ జెనెక్ కిసుక్కుమన్నాడు.

"టీచర్, ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూచున్నాయి!"

ఆమె బోర్డును అరచేత్తో తడిమింది.

"నాకు చూపు పోతోందర్రా," అంది. "ఆఫీసుకు తెలిస్తే రేపే ఇంటికి పంపేస్తారు. జూన్ దాకా ఉండి మిమ్మల్ని పై తరగతికి పంపాలని నా ఆశ."

నాకు ఏడుపొచ్చింది. జెనెక్ తలెత్తలేదు.

మర్నాటి నుంచి మా పాఠం మారిపోయింది. "తెరిచిన కిటికీని చూస్తున్నాను." "దారిలో పడి ఉన్న సంచీని చూస్తున్నాను." ఆమె ఆ సంచీని తప్పించుకుని నడిచేది.

మే నెలలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయనంటే నాకిప్పటికీ గిట్టదు. దొంగలా తలుపు తోసుకొచ్చి, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డాడు. జెనెక్ ఎవరూ అడక్కుండానే లేచాడు.

"ఇన్‌స్పెక్టర్‌గారిని చూస్తున్నాను టీచర్! తడిసిన గొడుగును చూస్తున్నాను!"

"దయచేయండి సార్," అంది ఆమె తలుపు వైపు తిరిగి. "గొడుగు ఆ మూల పెట్టండి."

"వీడికి నోరెక్కువే!"

"పాఠం బాగా వచ్చిందిలెండి."

ఆయన ఓ గంట కూర్చుని వెళ్ళిపోయాడు. ఏమీ కనిపెట్టలేదు.

జూన్‌లో ఆఖరి రోజున తెల్లచొక్కాలు వేసుకుని, తోటల్లోంచి పూలు కోసుకెళ్ళాం. "ఇవాళ పాఠం నేను అప్పజెబుతాను," అంది టీచర్. బెంచీ బెంచీకీ చెయ్యి చూపిస్తూ మొదలుపెట్టింది. "హాలినాను చూస్తున్నాను. జెనెక్‌ను చూస్తున్నాను." మేం ఇరవై ముగ్గురం. ఒక్క పేరూ, ఒక్క చోటూ తప్పలేదు. కిటికీ పక్క చోటు దగ్గర ఆగి, "బొజెంకాను చూస్తున్నాను," అంది నవ్వుతూ.

బొజెంకా గవదబిళ్ళలతో ఇంట్లోనే ఉండిపోయింది. ఆ చోటు ఖాళీ.

వెనక నుంచి జెనెక్ గొంతు వినిపించింది.

"బొజెంకాను నేనూ చూస్తున్నాను టీచర్."