నూనె తాగిన బంతి

నాన్నకు చివరి స్నానం చేయించే ముందు అమ్మ నీళ్ళలో మోచేయి ముంచి చూసింది.

"జర చల్లనీళ్ళు కలుపుండ్రి. చెయ్యి ఓర్వాలె" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయనకిప్పుడు వేడేమిటి, చల్లనేమిటి అనుకుని ఉంటారు. నేను లేచి వెళ్ళి చెంబుతో చల్లనీళ్ళు తెచ్చి బిందెలో పోశాను. ఆ మాట అమ్మకు ఎప్పటినుంచి అలవాటో నాకు తెలుసు.

మా నాన్న ఐలయ్య బండలు కొట్టేవాడు. మాదాపూర్ గుట్టల మీద పునాది రాళ్ళు, కంచెకు పాతే కడీలు చెక్కేవాడు. ఎవరైనా అడిగితే రోలు చేసిచ్చేవాడు. చెక్కడం పూర్తయ్యాక రోలుకు నువ్వుల నూనె పట్టించి, గోనెగుడ్డతో రుద్ది, నల్లగా నిగనిగలాడేదాకా ఊరుకునేవాడు కాదు. "నూనె పడితెనే రాయికి పానమొస్తది" అనేవాడు. అద్దాల బిల్డింగుల కోసం గుట్టల్ని యంత్రాలతో పగలగొట్టడం మొదలయ్యాక ఆ పని తరిగిపోతూ వచ్చింది. ఆయన కుడిభుజం కూడా సమ్మెట ఎత్తనివ్వడం మానేసింది. అలాంటి రోజుల్లో, హైటెక్ సిటీ వెనక రోడ్డులో కొత్తగా తెరిచిన బౌలింగ్ హాల్లో ఆయనకు పని దొరికింది.

మొదటిరోజు బోరబండలోని మా ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్ళిచ్చి అడిగింది.

"ఏం పనట?"

"బంతులు తుడుసుడు."

"పిలగాండ్లు ఆడే బంతులా?"

"కాదే పోచమ్మా, ఇంజనీర్లు ఆడేటియి. ఒక్కోటి రోటి పొత్రమంత బరువున్నది. మూడు తొర్రలుంటయి, ఏళ్ళు పెట్టి దొర్లిస్తరు. ఆ కొసకు కట్టె బొమ్మలుంటయి. ఇది పోయి వాటిని పడగొడ్తది. మిషను మల్ల నిలబెడ్తది. మల్ల పడగొడ్తరు."

"గిదానికి నీకు జీతమిస్తరా?"

"పడగొట్టెటోళ్ళు పైసలు కట్టి పోతరు. జీతం నాకిస్తరు."

అమ్మ చాలాసేపు నవ్వింది. నాన్నకు కూడా నవ్వొచ్చింది కానీ, కొత్త నౌకరి పరువు పోతుందని ఆపుకున్నాడు.

ఆ పని ఆయనకు నచ్చింది. బంతి సాఫీగా జారడానికి, అది దొర్లే పొడవాటి చెక్కబల్ల మీద నూనె పూస్తారు. దొర్లి వచ్చిన ప్రతి బంతికీ ఆ నూనె, దానికి దుమ్ము అంటుకుంటాయి. నాన్న గిన్నెలు తోమే సబ్బుముక్కను గోరువెచ్చని నీళ్ళలో కరిగించేవాడు. సబ్బును నేరుగా రుద్దితే గీతలు పడతాయని తెలుసుకున్నాడు. పాత ధోవతి గుడ్డను ఆ నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి తుడిచేవాడు. పొడిగుడ్డతో ఇంకోసారి. తడి బంతిని మాత్రం ఎత్తేవాడు కాదు, జారితే పాదం మీదే పడుతుంది. అమ్మ కుండల కింద పెట్టే కుదుర్లలాంటివి గుడ్డతో చుట్టించుకుని, బంతుల్ని వాటిమీదే ఉంచేవాడు.

హాలు బంతులు గట్టి ప్లాస్టిక్‌వి. వాటికేం అంటినా తుడిస్తే పోయేది. సొంత బంతి ఉన్న మనిషి అక్కడ ఒక్కరే, విమల గారు. పక్కనే ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. సింగపూర్‌లో పనిచేసినప్పుడు ఆట నేర్చుకుని, బంతి కూడా అక్కడినుంచే తెచ్చుకున్నారు. మీగడ రంగు మీద లేతనీలం చారలు. దాన్ని హాలులోని చిన్న అలమారలో పెట్టి, తాళంచెవి నాన్నకిచ్చారు.

"ఐలయ్య గారూ, ఇది కొంచెం సుకుమారమండి. ఎండలో ఉంచినా, కార్లో వదిలేసినా పగుళ్ళొస్తాయి. మీ దగ్గరైతే నాకు బెంగుండదు" అన్నారట. ఆ మాట నాన్న మాకు చాలాసార్లు చెప్పాడు.

ఆ ఏడు దసరాకు హాలు మూసే ముందు ఆయుధపూజ చేశారు. కొబ్బరికాయ కొట్టి, మిషన్లకు పసుపు కుంకుమ పెట్టారు. అందరూ వెళ్ళిపోయాక నాన్న అలమార తెరిచి విమల గారి బంతిని బయటికి తీశాడు. నమ్మి అప్పగించిన వస్తువు. దానికి అందరిలా ఒక బొట్టు పెట్టి వదిలేయడం ఆయనకు తక్కువ అనిపించింది. దీపారాధనకు తెచ్చిన నువ్వుల నూనె మిగిలి ఉంది. కొత్త రోలుకు పట్టించినట్టే బంతికంతా పట్టించాడు. కుంకుమను నూనెలోనే తడిపి, తొర్రల పక్కన పెద్ద బొట్టు పెట్టాడు. బంతి అద్దంలా మెరిసింది. తృప్తిగా తాళం వేసి పండుగకు ఇంటికొచ్చాడు.

పండుగ వెళ్ళాక హాలు తెరిచారు. మిగతా బంతుల మీది కుంకుమ ఒక్క తుడుపుతో పోయింది. విమల గారి బంతి మీద మెరుపు లేదు. రాసిన నూనె లోపలికి ఇంకిపోయింది. బొట్టు మాత్రం ఎర్రగా అలాగే ఉంది. నాన్న సబ్బునీళ్ళతో ఎంత తుడిచినా కదల్లేదు. అది నూనె తాగే రకం బంతి. బల్లమీది నూనెలో ఊరికే జారిపోకుండా, చివర్లో మలుపు తిరిగేందుకు పట్టు దొరకాలని అలా చేస్తారు. కడుపునిండా తాగితే ఆ పట్టే పోతుంది.

మేనేజరు వెంకటరమణ గుంటూరు మనిషి. చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేం పనయ్యా! ఆదివారం కంపెనీల పోటీ ఉంది. ఆవిడ ఓనరుతో ఒక్క మాటన్నా నువ్వు ఇంటికే. నేనేం చెయ్యలేను."

"మరెట్ల సార్?"

"పెయింటర్ల దగ్గర తిన్నరు దొరుకుద్ది. ఇంటికి పట్టుకుపోయి తుడిచెయ్. ఎవరికీ చెప్పమాక."

నాన్న బంతిని గోనెసంచిలో, తిన్నరు సీసాను జేబులో పెట్టుకుని ఇల్లు చేరాడు. అమ్మ కిరోసిన్ స్టవ్ మీద అన్నం వండుతోంది. నాన్న ఆ పక్కనే కూర్చుని సీసా మూత తిప్పబోయాడు.

"ఏందది? గబ్బు కొడ్తుంది!"

"తిన్నరు."

"పొయ్యి మండుతుంటే పక్కన కూసొని గది తెరుస్తవా? నీ బంతి సల్లగుండ, ఇల్లు అంటుకుంటది! ఎళ్ళు బయటికి!"

నాన్న వాకిట్లోకి వెళ్ళాడు. ఎంత తొందరలో ఉన్నా ఉలిని ముందు రాయి మూలన తాకించి చూసే మనిషి. తొర్ర అంచున ఒక్క చుక్క వేసి వేలితో తాకాడు. అక్కడ బంతి బెల్లంపాకంలా జిగటగా అయింది. గబగబా తుడిచి సీసా మూత పెట్టేశాడు. ఆ పూట అన్నం సహించలేదు.

"పోయి ఆమెకే చెప్పు" అంది అమ్మ.

"చెప్తే నౌకరి పోతది. ఈ భుజంతోని మల్ల బండ కొడ్తనా?"

"చెప్పకుంటే?"

నాన్న బంతిని మళ్ళీ గోనెసంచిలో పెట్టాడు. "చెప్పకుంటే, ఆదివారం ఆమె ఆడుతది. బంతి జారుతది. ఎందుకు జారిందో ఆమెకు తెల్వది. నాకు తెలుస్తది."

మర్నాడు గోనెసంచి మోసుకుని ఆమె ఆఫీసు గేటు దగ్గరికి వెళ్ళాడు. నాకు కాలేజీ సెలవు, తోడు వెళ్ళాను. సెక్యూరిటీ అతను సంచిలో ఏముందని అడిగాడు. బంతి అని నాన్న చెబితే, ఎత్తి చూసి, "పెద్దాయనా, నాతోని మజాక్ చేస్తున్నవా?" అన్నాడు. కబురందుకుని విమల గారు కిందికి వచ్చారు. నాన్న ఆమె ముందు సంచి విప్పి, నూనె సంగతి, తిన్నరు చుక్క సంగతి కూడా చెప్పేశాడు.

ఆమె బొట్టు మీద వేలు పెట్టి చూశారు. ముఖం ఎర్రబడింది.

"నూనె ఎందుకు రాశారండీ?"

"మేం రాళ్ళకు రాస్తమమ్మా. మంచిగ కుదిరిన రాయికే రాస్తం."

ఆమె మెడలో గొలుసుకున్న చిన్న శిలువను వేళ్ళతో తిప్పుతూ, "మా ఇంట్లో నాకే బొట్టు పెట్టరు. మీరు నా బంతికి పెట్టేశారు" అన్నారు. అది కోపమో నవ్వో మాకు తెలియలేదు.

"సింగపూర్‌లో ఒకాయన వేడినీళ్ళలో ఉంచి నూనె దించేవాడు. చూశాను గానీ నేనెప్పుడూ చెయ్యలేదు. పాడైతే?"

"పాడు చేసుడు నేను ముందే చేసిన గదమ్మా."

ఆ సాయంత్రం ఆమె స్కూటర్ మీద బోరబండ వచ్చారు. తొర్రల్లోకి నీళ్ళు పోకుండా వెడల్పు టేపు అంటించారు. అమ్మ పెద్ద డేగిసాలో నీళ్ళు కాచింది.

"మరిగేవి వద్దండి, బంతి పగిలిపోతుంది. చెయ్యి ఓర్చుకునేంత చాలు."

నాన్న చెయ్యి ముంచి, "ఇవి సల్లగనే ఉన్నయ్" అన్నాడు.

"నీ చెయ్యి రాయి. నీకేం తెలుస్తది?" అని అమ్మ ఆయన చేతిని తోసేసి తన మోచేయి ముంచింది. వెంటనే తీసేసుకుంది. "అబ్బ! ఇంకో చెంబు చల్లనీళ్ళు పొయ్యి బిడ్డా" అంది నాతో.

సబ్బు కరిగించి బంతిని నీళ్ళలోకి దించారు. అది మునగలేదు. తేలింది. నాన్న నోరు తెరుచుకుని చూశాడు.

"పొత్రమంత బరువున్నది, తేలుతున్నదేందమ్మా!"

"నాది తక్కువ బరువు బంతండి, తేలుతుంది. తిప్పుతూ ఉండాలి."

ఆయన పసిబిడ్డకు నీళ్ళు పోస్తున్నట్టు దాన్ని మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి బంతి ఒంటిమీద సన్నని చెమటలాంటిది కనిపించింది. నీళ్ళ మీద నూనె చుక్కలు తేలాయి. వాకిలంతా నువ్వుల వాసన. తీసి తుడవడం, నీళ్ళు మార్చడం, అమ్మ మోచేయి ముంచడం. చీకటి పడేదాకా అదే పని. నూనె రావడం ఆగింది కానీ బొట్టు పూర్తిగా పోలేదు. గులాబీరంగు మచ్చగా మిగిలింది. బంతిని నీడలో, కుదురు మీద ఆరబెట్టి, విమల గారు అమ్మ ఇచ్చిన చాయ్ తాగి వెళ్ళారు. నౌకరి మాట ఆమె ఎత్తలేదు. నాన్న అడగలేదు.

ఆదివారం పోటీకి హాలు ఓనరు కూడా వచ్చాడట. బంతి మునుపటిలాగే పట్టు దొరికించుకుని మలుపు తిరిగింది. విమల గారు గెలవలేదు. చివర్లో ఓనరు ఆ మచ్చ చూసి, "ఇదేంటి మేడం? మా వాళ్ళేమైనా చేశారా?" అని అడిగాడు. వెంకటరమణ నాన్న వైపు చూశాడు.

"దసరా బొట్టండి. బంతి నాది, బొట్టు కూడా నాదే" అన్నారామె. నాన్న దగ్గర తాళంచెవి తీసుకుని, బంతిని పొడిగుడ్డతో తుడిచి అలమారలో పెట్టారు. తాళం వేసి, అందరూ చూస్తుండగా తాళంచెవిని మళ్ళీ నాన్న చేతిలో పెట్టారు. "ఇకమీదట ఆట అవ్వగానే స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి, మందుల షాపులో దొరుకుతుంది. దీపం దగ్గర మాత్రం వద్దు. నూనె అసలే వద్దు."

ఇంటికొచ్చి నాన్న మొదట చెప్పింది పోటీ సంగతి కాదు. "తాళంచెవి మల్ల నాకే ఇచ్చింది" అన్నాడు, అరచెయ్యి తెరిచి చూపిస్తూ.

మరుసటి దసరాకు ఇంట్లో ఉలికీ సమ్మెటకూ నూనె రాసి బొట్లు పెట్టాడు. వాటి పక్కనే ఆ తాళంచెవిని పెట్టి, దానికీ ఒక బొట్టు పెట్టాడు. నూనె మాత్రం రాయలేదు.