కిటికీ వైపు తిప్పిన ఫోను

ఆ శుక్రవారం ఒంటిపూట డ్యూటీ ముగించుకుని అస్కర్ నుంచి వచ్చే బస్సులో ఉండగా నా ఫోను మూడోసారి మోగింది. ఊరి నుంచి నా భార్య వీడియో కాల్; ఆమెకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. మళ్ళీ కట్ చేశాను. చలికాలం మొదలైనప్పటి నుంచి, శుక్రవారాలు తప్ప, చీకట్లో డ్యూటీకి పోయి చీకట్లోనే కూలీల క్యాంపుకు వస్తున్నాను. నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

"ఎత్తు తమ్మీ, ఇంటికాడ పరేశాన్ అయితరు," అన్నాడు పక్క సీటులోని పెద్దాయన.

"నీకెందుకు? నా మొఖం చూస్తే ఏడుస్తది," అని కసిరాను.

నాలుగోసారి మోగగానే ఆయన ఫోను లాక్కున్నాడు. కొట్టడానికి చెయ్యెత్తాను. ఆయన అదేమీ పట్టించుకోకుండా కాల్ ఎత్తి, ఫోనును కిటికీ వైపు తిప్పి పట్టుకున్నాడు. బయట సముద్రం, దాని మీద ఎండ.

"అగో, గింత ఎండ కొడుతుందా ఆడ!" అంది నా భార్య గొంతు.

ఎత్తిన చెయ్యి దించేశాను.

"మొఖం చూపియ్యబుద్ధి కాకుంటే ఎండ చూపియ్యి. ఫోనైతే ఎత్తు," అని ఫోను నా చేతిలో పెట్టి, ఆయన నువైద్రాత్‌లో దిగిపోయాడు.

తర్వాత ఆమెకు సముద్రాన్ని, జిదాఫ్స్ బజారును, క్యాంపు గోడ మీది పిల్లిని చూపించాను. చలి తగ్గాక ఒకరోజు ఫోను నా వైపు తిప్పుకున్నాను. ఆమె చాలాసేపు చూసింది.

"దుబాయిల అన్నీ చూసిన. గిదొక్కటే చూడలే," అంది.